రెండంగుళాల నీళ్ళు

వరిచేలో నిలిచే నీళ్ళు రెండు మూడు అంగుళాలకి మించవు. ఊడ్పులైన దగ్గర్నుంచి గింజ పాలుపోసుకునే దాకా ఆ పాటి లోతు నిలబడితే డెల్టా రైతు గుండెల మీద చెయ్యేసుకుని పడుకుంటాడు. ధవళేశ్వరం దగ్గర గోదావరికి అడ్డం కట్టిందంతా ఆ రెండంగుళాల కోసమే. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి కాటన్ దొర పూర్తిచేసిన పాత ఆనకట్ట అయినా, దాని స్థానంలో వచ్చిన ఇప్పటి 175 గేట్ల బ్యారేజీ అయినా చేసే పని ఒకటే. ఏటిని ఆపి, తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టా కాలువల్లోకి మళ్ళించి, అక్కణ్ణుంచి పంట కాలువలకి, బోదెలకి, బోదెల్లోంచి మడులకి నీళ్ళు చేరవెయ్యడం. సముద్రమంత నది పది లక్షల ఎకరాల మీద పల్చటి పొరగా పరుచుకుంటుంది.

ఆ పొరని మనం పంటగానే చూస్తాం. సార్వా, దాళ్వా అనే రెండు పంటలకీ కలిపి ఏడాదిలో ఏడెనిమిది నెలలు అది చిత్తడి నేల కూడా. ఆనకట్టకి ముందు ఈ నేల గోదావరి పొంగితే మునిగేది, పొంగకపోతే ఎండేది. 1833లో కరువు, 1839లో కోరంగిని ముంచిన ఉప్పెన, ఆ రెండింటి మధ్య తరం మనుషులు పడిన బాధలు ఈ జిల్లాల చరిత్రలో ఉన్నాయి. కాబట్టి ఆనకట్ట ప్రకృతిని పాడుచేసిందనే మాట నా నోట రాదు. ఆనకట్ట నీటిని పంచింది. ఆ పంపకంలో మనం పిలవని చుట్టాలు కొన్ని వచ్చి మన చేలల్లో కాపురం పెట్టాయి. నేను చెప్పదలుచుకున్నది వాటిలో ఒకదాని గురించి.

సెప్టెంబరులో, చేను పిలకలు కట్టి గుబురెక్కుతున్నప్పుడు గట్టు మీద నడిస్తే కాళ్ళ దగ్గర్నుంచి చిన్న తూనీగలు లేస్తాయి. అంగుళం పైచిలుకు ఉంటాయి. ఎంతో దూరం పోవు. రెండు దుబ్బులు దాటి మళ్ళీ గడ్డిపరక మీద వాలతాయి. మగదాని రెక్కలు మొదటి సగం నల్లగా ఉంటాయి, ఆ పక్కన మీగడ రంగు పట్టీ, కొసలు మాత్రం పారదర్శకం. ఆడదాని రెక్కలు పసుప్పచ్చన, మధ్యలోనూ చివర్లోనూ ముదురు మచ్చలు. రెండూ వేరే వేరే జాతులనుకుంటారు చాలామంది. ఊళ్ళో దీనికి వేరే పేరేమీ లేదు, అన్నీ తూనీగలే. 1773లో దీన్ని లోకానికి పరిచయం చేసినవాడు డ్రూరీ అనే లండన్ వెండిపనివాడు, పురుగుల్ని సేకరించడం అతని పిచ్చి. శాస్త్రజ్ఞుల పుస్తకాల్లో ఇప్పుడది న్యూరోథెమిస్ తుల్లియా. వరిచేలూ, చెరువుల ఒడ్డు గడ్డీ దాని ఇల్లు.

ఆకాశంలో గుంపులుగా తిరిగే తూనీగ వేరు. వాన ముందు కిందుగా ఎగురుతుందని పెద్దలు చెప్పేది ఎక్కువగా ఆ పసుపు రంగుదాన్ని చూసే. పంటాలా అనే ఆ జాతి మన వాననీటి గుంటల్లో పెరిగి, ఈశాన్య గాలులతో మాల్దీవుల మీదుగా హిందూ మహాసముద్రం దాటి తూర్పు ఆఫ్రికా చేరుతుందని చార్లెస్ ఆండర్సన్ అనే జీవశాస్త్రజ్ఞుడు 2009లో వివరంగా రాశాడు. దాని సంగతి అందరికీ ముచ్చటే. నల్లరెక్కల చేలతూనీగ ఏ సముద్రమూ దాటదు. పుట్టిన మడి చుట్టుపక్కలే తిరిగి పోతుంది. అందుకే ఆ మడికి ఏం జరుగుతోందో అది మనకంటే ముందు చెబుతుంది.

తూనీగ బతుకులో మనకి కనిపించే రెక్కల భాగం చాలా చిన్నది. పెద్ద భాగం నీళ్ళలోనే గడుస్తుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల మట్టిరంగులో, రెక్కల్లేకుండా, చేను అడుగున ఆరు కాళ్ళతో పాకుతుంది. పొట్ట చివర్నుంచి నీళ్ళు పీల్చి ఆ నీటిలోంచే ఊపిరి తీసుకుంటుంది. భయపడితే అదే నీటిని వెనక్కి చిమ్మి ముందుకి దూసుకుపోతుంది. దాని కింది పెదవి మోచెయ్యి మడిచినట్టు ముఖం కింద మడిచి ఉంటుంది. దోమపిల్ల దగ్గరకొస్తే ఆ చెయ్యి చాచి పట్టుకుంటుంది, కంటికి ఆనదు. వారాల తరబడి అలా తిని, చాలాసార్లు కుబుసం విడిచి, చివరికి ఒక తెల్లవారుజామున వరిదుబ్బో జమ్ముకాడో పట్టుకుని నీళ్ళలోంచి పైకి ఎక్కుతుంది.

ఎక్కాక చాలాసేపు కదలదు. తర్వాత వీపు మీద గీత పడుతుంది. ఆ గీతలోంచి ముందు వీపు, తర్వాత తల, కాళ్ళు బయటికొస్తాయి. సగం బయటపడి తలకిందులుగా వెనక్కి వేలాడి ఆగిపోతుంది, కాళ్ళు గట్టిపడే దాకా. ఆ తర్వాత ఒక్కసారి పైకి లేచి, తన ఖాళీ ఒంటినే పట్టుకుని మిగతా పొట్ట లాగేసుకుంటుంది. విడిచిన కుబుసం లోపల్నుంచి తెల్లటి దారాలు వేలాడుతుంటాయి, అవి లోపలి ఊపిరి గొట్టాల పొరలు. రెక్కలు ముడతలు పడిన చిన్న పొట్లాలుగా ఉండి మెల్లగా విచ్చుకుంటాయి. గంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఆ సేపు అది ఎగరలేదు, పారిపోలేదు. చీమ రావచ్చు, కొంగ రావచ్చు. నీరు ఒక్క అంగుళం పెరిగినా రెక్క తడిసి పోతుంది. ఎక్కడానికి కాడ దొరక్కపోతే అసలు మొదలే లేదు.

ఆ కాడ మీద నా ఆలోచన ఆగిపోయింది. లోకంలో ఇన్ని వేల చెరువులున్నా, ఒక జీవి నీళ్ళలోంచి గాల్లోకి రావడానికి కావలసింది జానెడు గడ్డిపరక. అది నీటి అంచున ఉండాలి. ఆ అంచుల్నే మనం అన్నిటికంటే ముందు శుభ్రం చేస్తాం.

ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ పరిరక్షణ సంఘం 2021 డిసెంబరులో మొదటిసారి ప్రపంచంలోని తూనీగలన్నిటినీ లెక్కలోకి తీసుకుంది. 6,016 జాతుల్లో 16 శాతానికి అంతరించే ముప్పు ఉందని తేల్చింది. చిత్తడి నేలలు పోవడమే పెద్ద కారణమంది. 1970 నుంచి 2015 లోపల భూమ్మీద చిత్తడి నేలలు 35 శాతం పోయాయని రామ్‌సర్ ఒప్పందం వాళ్ళ నివేదిక చెబుతోంది. అడవులు పోయే వేగానికి అది మూడింతలు. మన నల్లరెక్కల తూనీగ మాత్రం ఆ ముప్పు జాబితాలో లేదు. దక్షిణాసియా అంతా ఉంది కనక దిగులు అక్కర్లేని వాటిలో రాశారు. రాసినవాళ్ళ తప్పేం లేదు. వాళ్ళు భూగోళం మొత్తం చూసి రాస్తారు. ఒక ఊరి బోదె మీద అది ఉందో లేదో ఆ ఊరివాళ్ళే చూసుకోవాలి. పులి గురించి దేశమంతా దిగులుపడుతుంది. మామూలుగా ఉండేది మామూలుగా లేకుండా పోతే దిగులుపడేవాళ్ళెవరూ ఉండరు. నాకు ఈ రెండోదే ఎక్కువ బాధ. పెద్ద నష్టాలకి కనీసం వార్త వస్తుంది.

మా చేను కౌలుకి చేసే పెద్దాయన్ని నేను బాబాయ్ అంటాను. పోయిన సార్వాలో గుళికల సంచి భుజాన వేసుకుని మడిలోకి దిగుతుంటే అడిగాను, ఇంత ఎందుకు బాబాయ్ అని.

"మొవ్వు చచ్చిపోతే పిలకెక్కడిది బాబూ? నారుమడిలో ఓసారి, ఊడ్చాక ఓసారి గుళికలు పడాలి. తర్వాత దోమ. సుడిదోమ పడితే వారం తిరక్కుండా చేను తగలబడిపోద్ది. కౌలు బస్తాలు ఎక్కణ్ణుంచి తెమ్మంటారు?"

ఆయన మాటలో అతిశయోక్తి లేదు. దోమ పడిన చేను నిజంగానే గుండ్రంగా మాడిపోతుంది. పెట్టుబడి అప్పు, కౌలు ముందే మాట్లాడుకున్నది, నష్టపరిహారం వస్తే ఎవరి పేరుకి వస్తుందో తెలీదు. అలాంటి మనిషికి తూనీగల గురించి చెప్పడానికి నాకు నోరు రాలేదు. కానీ ఆ గుళికల మందు నీళ్ళలో కరిగి ఆ రెండంగుళాల్లోనే ఉంటుంది. మొవ్వు పురుగుకి చేరినట్టే, అడుగున పాకే తూనీగ పిల్లకీ చేరుతుంది. తూనీగలు తినేది ఆ సుడిదోమల్నీ, ఆకుచుట్టు పురుగు రెక్కల పురుగుల్నీ. మనం ముందు చంపేది కాపలావాడినే.

ఇది ఊహ కాదు. జపాన్‌లో వరిచేలల్లో పెరిగే ఎర్ర తూనీగ, శరత్కాలం వస్తే ఊళ్ళ మీద కమ్ముకునేది, 1990ల నుంచి చాలా జిల్లాల్లో బాగా తగ్గిపోయింది. నారు పెట్టెల్లో వేసే ఫిప్రోనిల్, ఇమిడాక్లోప్రిడ్ మందులు దాని పిల్లల్ని దెబ్బతీస్తున్నాయని అక్కడి పరిశోధకులు చూపించారు. ఆ రెండు పేర్లూ మన పురుగుమందుల కొట్లలో అరల మీద ఉన్నవే. ఇండోనేషియా కథ ఇంకోలా నడిచింది. అక్కడ మందు కొట్టినకొద్దీ సుడిదోమ పెరుగుతూ పోయింది, ఎందుకంటే దోమని తినే సాలీళ్ళూ పురుగులూ ముందు చచ్చాయి. 1986లో ఆ దేశాధ్యక్షుడు ఒక్క ఉత్తర్వుతో వరి మీద 57 మందులు వాడకూడదన్నాడు. రైతులకి చేలో కూర్చుని పురుగుల్ని లెక్కపెట్టడం నేర్పారు. దేశం ఆకలితో మాడిపోలేదు.

మన దగ్గరా ఆ జ్ఞానం లేకపోలేదు. మార్టేరులో వరి పరిశోధనా స్థానం 1925 నుంచీ ఉంది. ప్రతి రెండు మీటర్లకి కాలిబాట వదిలి ఊడ్చమని, దుబ్బుకి పదీ పదిహేను దోమలు దాటితేనే మందు ఆలోచించమని వ్యవసాయ శాఖవాళ్ళు చెబుతూనే ఉంటారు. దోమొస్తే చేను ఆరగట్టమని కూడా చెబుతారు. అది మంచి సలహాయే గానీ చేను ఆరితే తూనీగ పిల్లలకి బోదెలూ పక్క చెరువూ తప్ప దిక్కుండదు. అన్నీ మనకి అనుకూలంగా ఒకే మాట చెప్పవు. చేను ఆరినప్పుడు బోదె అంచున గడ్డి ఉంటే, చెరువు చెరువులా ఉంటే సరిపోతుంది. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడూ అంతే. ఏప్రిల్ నుంచి జూన్ దాకా డెల్టా అంతా ఎండిపోతే, మళ్ళీ సార్వాకి విత్తనంలా మిగిలేవి చెరువుల్లోనూ మురుగుల్లోనూ దాగినవే.

ఆ చెరువులు ఏమవుతున్నాయో చూస్తే దిగులేస్తుంది. కొన్ని చేపల పాటకి పోయాయి. పెంపకానికి వదిలిన చేపలు తూనీగ పిల్లల్ని బతకనివ్వవు, గట్లు బోడిగా చెక్కేస్తారు. కొన్నిట్లో మనల్ని కుట్టే దోమల కోసం గంబూషియా చేపలు వదిలారు. ఉత్తర అమెరికా నుంచి బయల్దేరి 1928లో మన దేశానికొచ్చిన ఆ చేప దోమపిల్లల్ని తింటుంది, దోమపిల్లల్ని తినే చిన్న తూనీగ పిల్లల్నీ తింటుంది. కొన్నిటికి సుందరీకరణ జరిగింది. చుట్టూ రాతి కట్టడం, రంగు రంగుల దీపాలు, నడవడానికి బాట. సాయంత్రం పూట నలుగురూ నడుస్తారు, అది మంచిదే, నేనూ నడుస్తాను. నీటి నుంచి రాయి నిట్టనిలువుగా లేస్తుంది. ఆ నున్నటి రాతి మీద ఏ పిల్ల ఎక్కి ఎక్కడ వేలాడుతుంది? చెరువుకి గజం వెడల్పు గడ్డి ఒక్క వైపు వదిలితే అందం తగ్గేది కాదు.

కాలువలకి సిమెంటు లైనింగు వేస్తున్నారు. నీరు ఇంకిపోకుండా చివరి ఆయకట్టుకి చేరాలంటే కొన్నిచోట్ల తప్పదు. కానీ బోదెల దాకా, గట్ల దాకా అదే తీరు పాకుతోంది. కూలీలు దొరకడం లేదని గట్టు మీద గడ్డిమందు కొడుతున్నారు, వారానికి గట్టు ఎర్రగా మాడిపోతుంది. పశ్చిమాన ఉన్న చేలల్ని చేపలూ రొయ్యల చెరువులుగా తవ్వేశాక రెండంగుళాల నీరు నాలుగైదు అడుగులైంది, కొన్నిచోట్ల ఉప్పయింది. ఇంకా పడమరకి పోతే కొల్లేరు. 1999లో అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది, 2006లో చేపల చెరువుల గట్లు పగలగొట్టారు. అయినా ఆ గొడవ చల్లారలేదు. ఇటు రాజమండ్రి పక్కనే కోరుకొండ మండలం బూరుగుపూడి ఆవ. వానకి నీరు నిలిచే పల్లపు భూమిని మనవాళ్ళు ఆవ అంటారు. 2020లో ఆ భూమిని పేదల ఇళ్ళ స్థలాలకి ఎంచితే వ్యవహారం హైకోర్టు దాకా వెళ్ళింది. పేదవాడికి ఇల్లు కావాలి, అది ముంపులో ఉండకూడదు. ఈ మాట చెప్పడానికి తూనీగ కూడా అక్కర్లేదు. నీరు నిలిచే చోటు ఖాళీ స్థలం కాదని మన ముత్తాతలకి తెలుసు.

నీటి మీద నుంచి వెలుగు తిరిగొచ్చే తీరుని బట్టి తూనీగలు నీటిని గుర్తుపడతాయి. నల్లటి కారు కప్పు మీద నుంచీ, మెరుగుపెట్టిన రాయి మీద నుంచీ వెలుగు అలాగే తిరిగొస్తుంది. అందుకని ఆడ తూనీగలు కారు మీద తోకతో తడుతూ గుడ్లు పెడుతుంటాయి. యూరప్‌లో దీన్ని శ్రద్ధగా పరిశీలించారు. బ్యారేజీ మీద ఆగిన బళ్ళ వరసలో ఈ దృశ్యం చూసినప్పుడు నాకు ఏం చెయ్యాలో తోచలేదు. ఆ జీవికి మన వస్తువులు నీళ్ళలా కనిపిస్తున్నాయి, నీళ్ళు మాత్రం దొరకడం లేదు.

నిజంగా సుఖంగా బతకడమంటే ఏమిటని ఈ వయసులో నన్నడిగితే, ఎన్నాళ్ళ నుంచో మన ఇళ్ళలో ఉన్న ఒక అలవాటు గుర్తుచేస్తాను. కోతలైతే మొదటి కంకుల్ని కుచ్చులుగా అల్లి గుళ్ళోనూ వీధి వసారాలోనూ వేలాడదీసేవారు, పిచ్చుకల కోసం. కుప్ప నూర్చాక చేలో రాలిన కంకులు పరిగె ఏరుకునేవాళ్ళవి. ఆసామి వాటికోసం మళ్ళీ వంగేవాడు కాదు, వంగితే ఊళ్ళో చిన్నతనం. పిచ్చుక ఎన్ని గింజలు తిందో, పరిగె ఎంతైందో ఎవరూ లెక్క రాయలేదు. దాన్ని దానమని కూడా అనుకోలేదు. పండించిన ఇంటికి అది మర్యాద. ఆ ఇళ్ళు ఇప్పటి మన ఇళ్ళ కన్నా పేదవి. అయినా వాటిలో కొంత లెక్క లేనితనం ఉండేది, దానివల్ల మనిషికి ఊపిరాడేది.

ఇప్పుడు గజం గట్టుకి కూడా లెక్కుంది. ప్రతి అడుగు నేలా, ప్రతి చుక్క నీరూ మనకే పనికి రావాలనుకున్నాక, మనం కూడా ఎవరికో ఎందుకో పనికి రావాలన్న తొందరలో పడ్డాం. గట్టు మీద ఊరికే కూర్చున్నవాణ్ణి చూసి ఏం, ఒంట్లో బాలేదా అని అడుగుతున్నారు. నాకు మాత్రం అక్కడ కూర్చున్న పొద్దుటి పూటలు బతికిన పూటలుగా గుర్తున్నాయి. తూనీగ వచ్చి ఒకే పరక మీద వాలుతుంది, లేస్తుంది, ఏదో పట్టి మళ్ళీ అదే పరక మీదకి వస్తుంది. దాని తల నిండా కళ్ళే, వేల కటకాలతో. అది ఎటు చూస్తోందో మనకి తెలీదు. కాసేపయ్యాక మన చూపు కూడా పల్చబడి చేను మొత్తం మీద పరుచుకుంటుంది. అప్పులూ, పిల్లల ఊళ్ళూ, నిన్నటి మాటలూ ఉంటాయి గానీ అవి ఒక్కటే ఉండవు. మన ఇంటి పక్క నీళ్ళలో ఎవరెవరున్నారో తెలిసినవాడికి ఇల్లు పెద్దదవుతుందని నా నమ్మకం.

ఇది జీతం రాళ్ళు వచ్చినవాడి తీరిక మాట అని ఎవరైనా అంటే ఒప్పుకోను గానీ, ఆ మాటకి జవాబు నా వైపు నుంచే రావాలి. తూనీగ కోసం నష్టపోవాల్సింది కౌలు రైతు ఒక్కడే ఎందుకవ్వాలి? చేను నాది, అన్నం తినేది నేను, బస్తాలు పుచ్చుకునేది నేను. కాబట్టి ఈ వేసవిలో, కాలువలు కట్టేశాక కౌలు మాట్లాడుకునే రోజున బాబాయ్‌తో అన్నాను. "బోదె పక్కన మూల మడి ఉంది కదా బాబాయ్, దానికి గుళికలు వద్దు. గట్టు మీద గడ్డిమందూ వద్దు. పిచ్చిగడ్డి పెరిగితే కొడవలితో కోయించు, ఆ కూలి నేనిస్తాను. మడి మీద ఎంత తగ్గితే అంతా నా బస్తాల్లోంచి తీసెయ్యి."

ఆయన వెంటనే ఏమీ అనలేదు. కండువా తీసి దులిపి మళ్ళీ వేసుకున్నాడు.

"మూల మడే కదా, వదిలేద్దాం లెండి. గట్టు కూడా కోయిస్తాను. దోమ అక్కణ్ణుంచి పక్క మడికి పాకితే మాత్రం ఆగను బాబూ, అప్పుడు నన్నడక్కండి."

అడగనన్నాను. జూన్‌లో కాలువకి నీళ్ళు వదిలాక నారు పోశాం.